మలుపులో వేసిన కొమ్మ

ఒక్క మాట ఇన్నేళ్ళూ నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది పోతుందని నేననుకోవడం లేదు, పోవాలని అడగడమూ లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే మాట వినరు, మొహం చూస్తారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను చేసిన పనిలో సగానికి నాకు ఇప్పటికీ విచారం లేదు. మిగతా సగం నన్ను తింటోంది.

నేను రోడ్డు కూలీని. మిషను బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలున్నా, కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద కంకర తట్టలు మోసే బతుకే నాది. నా మొగుడు రోడ్డింజనుకు నీళ్ళు పోసేవాడు. పరిచిన కంకరను తొక్కే ఆవిరి రోలరును మేం అలాగే పిలిచేవాళ్ళం. ఇంజను ఎక్కడైనా ఆగితే రెండు దిక్కులా దూరంగా రోడ్డు మీద పచ్చికొమ్మ వేయాలి. కొమ్మ కనబడిందంటే ముందు బండి ఆగి ఉందని, దాని చుట్టూ మనుషులున్నారని, వేగం తగ్గించి పక్కకు తప్పుకుని పొమ్మని. సర్కారు ఇచ్చిన ఎర్రగుడ్డ ఎప్పుడో మసిగుడ్డ అయిపోయింది. మాకు కొమ్మే దిక్కు. అదీ ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ కాదు, తంగేడే వేయాలి. తంగేడును గొడ్డూ మేకా ముట్టవు. వేపకొమ్మ వేస్తే మేకలు ఆకు మిగల్చవు. పనిలోకి వచ్చిన మొదటిరోజే మేస్త్రి ఈ మాట చెబుతాడు.

రజాకార్ల గొడవలు జరుగుతున్న ఎండాకాలం అది. చిలుకూరు దాటాక ఇంజను పక్కకు తీసి ఆపారు. రెండు దిక్కులా తంగేడు వేశారు. నా మొగుడు బిందె ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లు లారీ ఆ కొమ్మల మీదుగానే వచ్చింది. కొమ్మలు దాని చక్రాల కింద పటపటలాడిన చప్పుడు నేను విన్నాను. వేగం తగ్గలేదు. ఇంజనుకూ లారీకీ మధ్య నా మొగుడు నలిగిపోయాడు. ఎడ్లబండిలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఆ డ్రైవరు కిందికి దిగలేదు. తల బయటపెట్టి, ఇంజను తెచ్చి రోడ్డు మీద పెట్టుకుంటే లారీలు ఎక్కడ పోవాలని మా మేస్త్రినే దబాయించి వెళ్ళిపోయాడు. అడిగే దిక్కెవరు? ఆ రోజుల్లో ఎవరి ప్రాణానికి విలువుంది గనక, నీళ్ళు పోసేవాడి ప్రాణానికి ఉండడానికి? నేను ఏడవలేదు. వాడి నోట్లో మన్ను పడ అని తిట్టుకుంటూ తట్టలు మోశాను. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, వాణ్ణి నా కంట పడెయ్యమని.

పడేశాడు.

మిలిటరీ వచ్చి గొడవలు సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం, అదే రోడ్డు మీద, ఒక మలుపు దాటగానే వాడి లారీ ఆగిపోయింది. వెనక ఇరుసు దగ్గర ఏదో విరిగింది. మేము కొంచెం దూరంలో పని చేస్తున్నాం. కొమ్మలు వేయడానికి ఎవరినైనా పంపమని వాడు మా మేస్త్రిని అడిగాడు. మేస్త్రి కొత్తవాడు, అతనికి పాత సంగతి తెలియదు. నన్నే పంపాడు. వాడు నన్ను చూసి అక్కా అన్నాడు. గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు, అప్పుడు మావైపు చూస్తే కదా? నాకు మాత్రం కాళ్ళ కిందనుంచి మంట లేచింది. నా మొగుణ్ణి చంపి, ఏ మొహంతో నన్ను అక్కా అంటాడు?

మిర్యాలగూడ దిక్కున తంగేడు వేశాను. కోదాడ దిక్కున, మలుపు అవతల, వేపకొమ్మ వేశాను. తంగేడు లేక కాదు. నడుం ఎత్తున పూసి ఉంది, దాన్ని దాటుకుని వెళ్ళి వేప విరిచాను. పక్క చెలకలో లింగయ్య తాత మేకలు మేస్తున్నాయి. వాటిని చూసే విరిచాను. తిరిగి వస్తుంటే వాడు లారీ కిందనుంచి, కొమ్మ వేశావా అని అడిగాడు. వేశానన్నాను. అది అబద్ధం కాదు కదా? ఈ ముక్క పట్టుకుని ఎన్నేళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నానో!

తట్ట ఎత్తుకుంటూ చూశాను. మేకలు రోడ్డెక్కాయి. లింగయ్య తాత ఎండకు తలగుడ్డ మొహం మీద కప్పుకుని గట్టు మీద ఒరిగి ఉన్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. నేను వేయలేదు. కోదాడ నుంచి జొన్న బస్తాల లారీ వచ్చింది, మలుపు తిరిగింది, ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది. జాకీ మీద ఎత్తిపెట్టిన లారీ వాడి కాళ్ళ మీద పడింది. వాడి అరుపు విన్నప్పుడు నాకు ఏమనిపించిందో నిజం చెబుతాను. చల్లగా అనిపించింది. ఎండలో నడిచి నడిచి కడుపు నిండా నీళ్ళు తాగినట్టుంది.

దవాఖానలో రెండు కాళ్ళూ తీసేశారు. వాడు బతికాడు. మిల్లు షావుకారు ఊరుకోలేదు, తప్పెవరిదో తేల్చమన్నాడు. నేను కొమ్మ తీసుకుపోతుంటే తాను కళ్ళారా చూశానని, ఆ అక్కది ఏ తప్పూ లేదని, మేకలే తినేశాయని కాళ్ళు పోయిన ఆ డ్రైవరే చెప్పాడు. మేకలెవరివో తెలియని ఊరా? పోలీసు పటేలు మనుషులు వచ్చి లింగయ్య తాత మేకలన్నిటినీ బందెలదొడ్డికి తోలుకుపోయారు. ఒక్క పిల్లను కూడా వదల్లేదు. ముసలాయనకు, ఆయన ముసలిదానికి, ఆ మేకలే అన్నం. బందెలదొడ్డిలోకి పోయిన మేకలు మళ్ళీ బయటికి రాలేదు. ఏమయ్యాయో ఊరికంతా తెలుసు.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఇంకా మేకలు కాసే కర్ర ఉంది.

"బిడ్డా, నా మేకలు తంగేడు ముట్టవు. నువ్వు ఏ కొమ్మ ఏసినవ్?"

"తంగేడే తాతా."

"జర మంచిగ యాది చేస్కో. మలుపు అవుతల గూడ తంగేడేనా?"

"రెండు దిక్కుల తంగేడే ఏసిన."

నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించలేదు. అదీ నా గొప్ప.

"మొగణ్ణి బండి కింద పోగొట్టుకున్నదానివి. కొమ్మ కాడ నువ్వు తప్పు చెయ్యవు బిడ్డా. ఎండకు నా మేకలకే మతి తప్పినట్టుంది" అని వెళ్ళిపోయాడు.

నా మొగుడి చావు మీద నేను ఒట్టేసినట్టు నన్ను నమ్మాడు. ఆ చావుకు పగ తీర్చుకోబోయి నేనాయన నోట్లో మన్ను కొట్టాను. అప్పుడైనా వెనకనుంచి పిలిచి నిజం చెప్పి ఉండొచ్చు. చెబితే నన్ను ఠాణాలో పెడతారని భయపడ్డానా? అదీ ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. చెబితే నా పగ చెడిపోతుందనిపించింది. వాడు కాళ్ళు పోగొట్టుకుని ఊరి జాలి కొట్టేస్తాడు, నేను నేరస్తురాలినవుతాను. అది నేను భరించలేకపోయాను.

ఆ ఏడాదే ముసలివాళ్ళిద్దరూ ఊరు విడిచి హాలియా వైపు కూలికి పోయారని విన్నాను. ఆ వయసులో కూలికి ఎవరు పిలుస్తారు? ఆ తర్వాత ఏ కబురూ రాలేదు. నేను వెతకనూ లేదు.

డ్రైవరును మాత్రం చూడడానికి పోయాను. మిల్లు గేటు దగ్గర గోనెపట్టా మీద కూర్చోబెట్టారు వాణ్ణి. కళ్ళారా చూసి సంతోషపడదామని పోయాను. వాడు నన్ను చూడగానే చేతులు జోడించాడు. నువ్వు చేయగలిగింది నువ్వు చేశావు అక్కా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొగుణ్ణి చంపినందుకే నీకీ గతి పట్టిందని వాడి చెవిలో అరవాలనిపించింది. అరిస్తే నేనే చేశానని తేలుతుంది. తనకు శిక్ష పడిందని కూడా వాడికి తెలియదు. ఇదేం పగ? వాడు నన్ను క్షమించాడనుకోవాలా? వాడి క్షమ ఎవడికి కావాలి? వాడి కాళ్ళ కోసం నేను ఈ రోజుకీ ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదు. కార్చను.

నేను జవాబు చెప్పాల్సింది వాడికి కాదు. నన్ను అడిగింది లింగయ్య తాత. ఆయన ఇప్పటికి ఉండి ఉండడు, ఉన్నా ఎక్కడని వెతకను? ఏ కొమ్మ ఏసినవ్ బిడ్డా అని అడిగావు.

వేపకొమ్మ తాతా. నీ మేకలను చూసే వేశాను.