లారీలో వచ్చిన రోగులు

పులివెందులలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రికి ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరు ఇంటర్ పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని వస్తారు. "సిస్టరమ్మా, ఫలానా ప్రైవేటు కాలేజీలో నర్సింగు చేర్పించొచ్చునా? బిల్డింగు శానా బాగుంది" అంటారు. బిల్డింగును ఏం చేసుకుంటారు, కొరుక్కు తింటారా? ముందుగా చెప్పకుండా పోయి, పడకల మీద ఎవరు పడుకున్నారో చూసి రమ్మంటాను. ఈ మాట అనేటప్పుడు నా గొంతు పెరుగుతుంది. పెరగనీ.

నాకు ఆ పిల్లల వయసున్నప్పుడు మాది పెద్దముడియం దగ్గర పల్లె. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో నర్సింగుకు అడిగితే, వయసు చాలదు, ఇంకో ఏడాది ఆగమన్నారు. ఆగేదాన్నే. కానీ మా నాయన మా ఊరి నాయకుడి లారీ తోలేవాడు. ఆ నాయకుడు ప్రొద్దుటూరుకు ఇవతల రోడ్డు మీద ఒక ఆస్పత్రి కట్టి, దానికి తగిలించి నర్సింగు కాలేజీ పెట్టాడు. సీట్లు నిండలేదు. మీ పాపను మన కాలేజీలో చేర్పించు, ఫీజు నీ జీతంలో పట్టుకుంటాం అని కబురు పెట్టాడు. మేం అడిగామా? పార్టీల పేరుతో పట్టపగలు బాంబులు పడుతున్న రోజులవి. ఆయన ఇచ్చింది వద్దంటే అవతలి పార్టీలో చేరినట్టే లెక్క.

"ఒకసారి చూసి రా పాపా, ఆనక నీ ఇష్టం" అన్నాడు నాయన. నా ఇష్టం ఎంతవరకు చెల్లుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

చూడటానికి నాయన లారీలోనే బయల్దేరాను. వెనక మా ఊరివాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో మా అమ్మ తమ్ముడు కూడా ఉన్నాడు.

"ఏం మామా, ఈ పొద్దు మీటింగు యాడ?" అని అడిగాను.

"మీటింగు కాదు పాపా. కాలేజీ తనిఖీకి హైదరాబాదు నుంచి సార్లు వస్తాండారంట. మేమంతా పేషెంట్లం. నాకు కడుపులో పుండంట!" అని పొట్ట పట్టుకుని మూలిగి చూపించాడు. లారీ అంతా ఒకటే నవ్వు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

తెచ్చుకున్న రోగులు లేకపోతే ఆ పడకలు ఖాళీగా ఎందుకుంటాయో అక్కడికి పోయాక అర్థమైంది. అది ఒక పార్టీ ఆస్పత్రి. అవతలి పార్టీవాళ్లు దాని గడప తొక్కరు. ఇవతలి వాళ్లయినా నిజంగా ఒళ్లు బాగలేకపోతే జమ్మలమడుగుకే పోతారు. మరి నర్సింగు పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకోవాలి, గోడల్నా?

నాయకుడి అల్లుడు అక్కడ పెత్తనం చేస్తున్నాడు. లారీ దిగినవాళ్లను పడకలెక్కించి, ఒకడి కాలికి, ఇంకొకడి తలకు ఉత్తుత్తి కట్లు కట్టిస్తున్నాడు. నన్ను చూసి, "లారీ డ్రైవర్ కూతురివి గదా? తెల్లచీర కట్టుకో పో. ఈ పొద్దునుంచే నువ్వు స్టూడెంటువి" అన్నాడు. చేరతానని నేనింకా అననే లేదు! అయినా కట్టించారు.

నా పక్కన నిలబెట్టిన పిల్ల రెండో ఏడు చదువుతోంది. సూదులు బాగా వేస్తావా అక్కా అని అడిగాను.

"వంకాయకు వేస్తా. మనిషికి ఎప్పుడూ వెయ్యలే. ఈడ మనుషులు యాడుండారు?" అంది నేల చూస్తూ.

సార్లు వచ్చారు. పడకలన్నీ మూలగడం మొదలుపెట్టాయి. మా మామ అందరికంటే గట్టిగా మూలిగాడు. అల్లుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వీని దుంప తెగ, ఏం యాక్టింగు చేస్తాండాడప్పా!" అని నవ్వాడు. పక్క పడకలవాళ్లూ కిసుక్కున నవ్వారు. నేను దగ్గరికి పోయాను. మామ మొహమంతా చెమట. పొట్ట మీద ఉండాల్సిన చెయ్యి ఎద మీద ఉంది.

"పాపా... నిజంగానే" అన్నాడు.

"అక్కా, చూడక్కా!" అన్నాను. ఆ పిల్ల మామ చెయ్యి పట్టుకుని, నాడి ఎక్కడ దొరుకుతుందో తెలీక ఏడ్చేసింది. రెండో ఏడు చదువు! డాక్టరు యాడ అని అరిచాను.

"గమ్మునుండు మే! సార్లు పోయినాక చూద్దాం" అన్నాడు అల్లుడు. తనిఖీకి వచ్చిన సారు వైపు తిరిగి, "ఈయనది నాటకం కాదు సార్" అన్నాను. ఆయన నన్ను చూశాడు, మామను చూశాడు, తర్వాత పక్క గదిలో ఏముందని అల్లుణ్ణి అడిగాడు. ఆ మొహం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బయటికి పరుగెత్తి నాయనను పిలుచుకొచ్చాను. ఆయన ఎవర్నీ అడగలేదు. బామ్మర్దిని భుజాన వేసుకుని పోయి లారీ ఎక్కించి, ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ శబ్దం వినగానే పడకల మీదివాళ్లంతా గభాల్న లేచారు. లారీ పోతే ఇల్లు చేరేదెట్లా? కాలికి కట్టున్నవాడు అందరికంటే ముందు దూకాడు. సార్ల కళ్ల ముందే వార్డు ఖాళీ అయింది.

జమ్మలమడుగులో మామ బతికాడు. ఆ రాత్రి అమ్మ ప్రార్థన చేసింది కానీ, నాయన గతి ఏమవుతుందోనని ఎవరికీ ముద్ద దిగలేదు.

వారం తిరక్కుండానే అల్లుడు మా ఇంటికొచ్చాడు. తిట్టడానికి కాదు. కాలేజీకి ఈ ఏడు కూడా పర్మిషన్ వచ్చిందట! ఖాళీ పడకలు చూసి పోయినవాళ్లే ఇచ్చారట.

"పెద్దాయన మిమ్మల్ని క్షమించినాడు. సోమవారం పాపను పంపించు" అన్నాడు.

నాయన ఆ ఇంటివాళ్ల ముందు తలెత్తి మాట్లాడగా నేను ఎన్నడూ చూడలేదు. లోపలికి పోయి లారీ తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"రేపు మీ మామకే గుండె పట్టుకుంటే మీరు యాడికి తీసకపోతారప్పా? జమ్మలమడుగుకే గదా. నా బిడ్డా ఆడనే చదువుకుంటాది."

అల్లుడు తాళం తీసుకుని జీపెక్కాడు.