జీలుగు బెండు విమానం

బెజవాడ నుంచి సికింద్రాబాద్‌కు సెలవులకు వెళ్ళడాన్ని మా ఇంట్లో పైదేశం పోవడం అనేవారు. నవ్వులాటకే అనేవారు గానీ, అందులో అబద్ధమేమీ లేదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం అది. నిజాం లొంగిపోయాడు, మిలిటరీ గవర్నరు వచ్చాడు. సరిహద్దు స్టేషన్లో పెట్టెలు విప్పించే సుంకం వాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. నా ట్రంకుపెట్టెలో బట్టలకంటే జీలుగు బెండు ఎక్కువ. పెళ్ళి బాసికాలు చేసే బెండు అది. దాంతో ఎగిరే చిన్న విమానం చెయ్యొచ్చని మా బాబాయి, అంటే చిన్నమ్మ భర్త, ఉత్తరం రాశాడు. సుంకం మనిషి ఆ పుల్లలు చూసి, లోపల ఏదో దాచానని ఒక్కొక్కటే విరవడం మొదలుపెట్టాడు. సగం విరిచాక గానీ అనుమానం తీరలేదు. క్షమించమనడం అటుంచి, తప్పు నాదన్నట్టు ఉరిమి చూసి పెట్టె మూసేశాడు. ఆ చెయ్యి కొరకాలనిపించింది నాకు.

బాబాయి పుట్టి పెరిగిందంతా రాంగోపాల్‌పేట్‌లోనే. మిషన్ బడిలో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చి ఎంతో, శనివారం పొద్దున మైదానంలో చిన్న విమానాల క్లబ్బు ఆయనకు అంత. నమూనా గీసిచ్చింది ఆయనే, కాదనను. తక్కినదంతా నా చేతులే చేశాయి. మిగిలిన బెండును బ్లేడుతో చెక్కాను. గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించి, నీళ్ళు చిలకరించి బిగుసుకునేలా ఆరబెట్టాను. ముందున్న పంకాను తిప్పడానికి సైకిలు ట్యూబు సన్నగా కోసి రబ్బరు పట్టీలు తీశాను. మూడు వారాలు పట్టింది. వేళ్ళన్నీ గాట్లే.

ఆ క్లబ్బులో ఒక ఆచారముంది. విమానం ఎవరు చేస్తే వాళ్ళే రబ్బరు మెలితిప్పాలి, వాళ్ళే వదలాలి. ఎన్ని మెలికలకు రబ్బరు తెగుతుందో చేసినవాళ్ళ వేళ్ళకే తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వారం రోజులుగా నేను కలవరించింది ఆ వదిలే క్షణం కోసమే.

తీరా మైదానంలోకి వెళ్ళాక బాబాయి నా చేతిలోంచి విమానం తీసుకున్నాడు.

"జెర ఆగమ్మా. విమానాలిడుస్తమని సర్కారుకిచ్చిన కాయితంల క్లబ్బోళ్ళ పేర్లే ఉన్నయి, నీ పేరు లేదు. కిందటేడు నెత్తిమీద విమానాలు తిరిగినప్పటి సంది అందరు పరేషాన్‌ల ఉన్నరు. నేనిడుస్త."

కడుపు మండింది. అయినా ఆ భయం ఎలాంటిదో సరిహద్దులో నాకూ తెలిసొచ్చింది. ఎన్ని మెలికలు తిప్పాలో ఆయన చెవిలో చెప్పాను. ఆయన వదిలాడు. విమానం మైదానాన్ని రెండు చుట్లు చుట్టి, పచ్చికలో మెల్లగా దిగింది.

క్లబ్బు పెద్ద, రైల్వేలో పనిచేసి దిగిపోయినాయన, పరుగున వచ్చి బాబాయి వీపు తట్టాడు. "శాబాష్ మాస్టర్ సాబ్! రెక్క ఒంపు జూడు, ఏం చేసినవయ్యా!"

బాబాయి వెనక్కి తిరిగి నన్ను చూపిస్తాడని నిలబడ్డాను. ఆయన నవ్వాడు.

"ఏదో, మూడు వారాల సంది కూసున్న" అన్నాడు.

కూర్చున్నాడట! దాన్ని క్లబ్బు గదిలో వేలాడదీద్దామని పెద్దాయన అంటే, తప్పకుండా ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. ఈ పిల్లెవరని అడిగితే, "మా ఆమె అక్క బిడ్డ. సెలవులకొచ్చింది" అన్నాడు.

ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలేదు. చిన్నమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాను. బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఇడిసినోళ్ళే చేసినట్టు గదమ్మా క్లబ్బుల. కాదంటే మల్ల గా కాయితం తక్లీఫ్ షురూ."

"మూడు వారాలు కూర్చున్నానని కూడా కాగితమే చెప్పించిందా?" అన్నాను.

భయపడినందుకు ఆయన మీద నాకు కోపం లేదు. ఆ పొగడ్త ఆయనకు తియ్యగా తగిలినందుకే కోపం. ఈ వయసులోనూ తగ్గలేదు.

బయలుదేరే రోజు పొద్దున్నే రెక్కలు ఊడదీసి విమానాన్ని పెట్టెలో సర్దుకున్నాను. బాబాయి చూసి గాబరాపడ్డాడు. "మాటిచ్చిన గదనే! ఏం మొహం పెట్టుకుని పోవాలె క్లబ్బుకు?"

"ఈ మొహమే పెట్టుకుని వెళ్ళండి."

పెద్దంతరం చిన్నంతరం లేదా అని చిన్నమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె తన పాత చీర తెచ్చి రెక్కల మధ్య మడతపెట్టింది.

సరిహద్దులో మళ్ళీ ఆ సుంకం మనిషే. చీర విప్పి చూశాడు. ఈసారి విరిస్తే కరిచేదాన్నే, ఒట్టు.

"సీమ సరుకా ఇది? ఎవరు చేసిన్రు?"

"నేను."

నమ్మలేదు. చేతులు చూపించమన్నాడు. చూపించాను. బ్లేడు గాట్లు, గోళ్ళ సందుల్లో ఎండిన మైదా. చాలాసేపు చూశాడు. రెక్కల్ని చీరలో తనే చుట్టి, ఉర్దూలో చీటీ రాసిచ్చి పంపాడు.

విమానాన్ని ఎప్పుడో పురుగు తినేసింది. చీటీ మాత్రం ఉంది. బెజవాడలో ఉర్దూ వచ్చిన పొరుగాయన చదివి పెట్టాడు.

"బొమ్మ విమానం ఒకటి. చేసింది ఈ పిల్లే. చేతులు చూశాను."