అమ్మను ఎక్కించాక అలైన్‌మెంట్

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఉదయం ఆరు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చేతిలో ఆర్మీ నాటి నల్ల ట్రంకు పెట్టె, భుజాన బెడ్డింగు. డ్రైవర్‌గా సర్వీసంతా చేసి పెన్షన్ మీద ఇంటికి చేరినవాణ్ణి. ఇంట్లో ఉంటే తలనొప్పిగా ఉన్నానని నా భార్య మొహం మీదే చెప్పింది. అందుకే ఈ కొత్త పోస్టింగు. విగ్రహాలు చెక్కే శాలలో పికప్ బండి డ్యూటీ.

మా ఊళ్లో నలుగురు కూడితే మంచు కొండల సంగతి చెప్పమంటారు. చెబుతాను. కానీ నా అరచేతులకు చెమట పట్టించిన దారి మంచులో లేదు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఉంది. మీరు బస్సులో గురకపెడుతూ పోయే హైవేనే. నవ్వుకోండి, నాకేం.

శాల పెద్ద వీరాచారి. ముసలాయన. ఒళ్లంతా రాతి పొడి, కనుబొమలు కూడా తెల్లగా. నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ పేరేందప్పా?"

"దేవదానం."

"ఏసు సామి మనిషివా? కానీలే. తాగుతావా?"

"తాగను."

"అయితే బండి నీదే."

బండి చూశాక నాకు ఒళ్లు మండింది. జానెడు ఎత్తు లేపారు. వెనక కమాన్ పట్టీల కింద ఇనుప దిమ్మలు, ముందు పక్క కూడా లేపి బిగించారు, లావు టైర్లు. కారణం ఉంది. నల్లమల అంచున ఒక ఊరు. ఆ ఊరి అమ్మవారి విగ్రహం ఆచారి చేతిదే. తీసుకుపోతుంటే ఊరి ముందు వాగులో పాత బండి పొట్ట రాళ్లకు తగిలింది. విగ్రహం కదిలింది, చిటికెన వేలు విరిగింది. వేలు విరిగిన విగ్రహాన్ని ప్రతిష్ఠ చేయరు. నదిలో కలిపేశారు. ఆచారి మళ్లీ మొదటి నుంచి చెక్కాడు. ఇప్పుడు ఆ రెండో విగ్రహం శాలలో పడుకుని ఉంది. ఇదీ విరిగితే మూడోది చెక్కే సత్తువ ఆయనకు లేదు. ఆయనే చెప్పాడు, ఎవరి గురించో చెప్పినట్టు.

బండిని లేపినవాడు లేపి వదిలేశాడు. స్టీరింగ్ తిప్పి వదిలితే వెనక్కి రాదు. చక్రాలు ఎటు చూస్తున్నాయో వాటికే తెలియాలి. నంద్యాల తీసుకుపోయాను. బైపాస్ దగ్గర అలైన్‌మెంట్ షాపు, నడిపేది మస్తాన్. మిషన్ పెట్టి చూశాడు, తల పట్టుకున్నాడు.

"ఎవరన్నా దీన్ని లేపింది? చక్రాలు అటొకటి ఇటొకటి పోతాండాయి."

"సరిచేస్తావా, పంచాంగం చెప్తావా?"

సరిచేశాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. చివర్లో ఒక మాట అడిగాడు. "లోడ్ ఎంత పడతాదన్నా?" నాకు తెలియదు. ఆచారికి ఫోన్ చేసి ఇచ్చాను.

"పెద్దాయనా, విగ్రహం బరువెంత?"

 అవతల గొంతు లేచింది.

"రాయికి బరువుంటాది. అమ్మకు ఏం బరువప్పా? అట్లాంటి మాట అడగొచ్చునా?"

ఫోన్ పెట్టేశాడు. ఆ శాలలో అదొక కట్టుబాటు. రాయి వచ్చిన రోజు టన్నుల్లో మాట్లాడతారు, బేరమాడతారు. ముక్కు, మొగం తేలాక బరువు మాట ఎవరి నోటా రాకూడదు. మస్తాన్ నా వైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను. ఖాళీ బండికే అలైన్‌మెంట్ పెట్టాడు. మిషన్ తెర మీద అంకెలన్నీ పచ్చగా వెలిగాయి. తిరిగి వస్తుంటే స్టీరింగ్ వదిలినా బండి గీత గీసినట్టు పోయింది.

మరుసటి రోజు తెల్లారాక అమ్మను ఎక్కించారు. కింద వరిగడ్డి, చుట్టూ ఇసుక మూటలు, మధ్యలో వెల్లకిలా విగ్రహం. అభయమిచ్చే చేయి పైకి లేచి ఉంది, వేళ్లు విడివిడిగా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆచారి ఆర్డర్లు మూడు. ఎక్కించాక బండి వెనక్కి తిరగకూడదు. ఊరివాళ్లు వచ్చి దించుకునే దాకా అమ్మను దించకూడదు. అంతదాకా చెక్కినవాడు పక్కన ఉండాలి. అంటే ఆచారి క్యాబిన్‌లో కూర్చోడు. వెనక, విగ్రహం పక్కన, కట్టిన తాడు పట్టుకుని కూర్చుంటాడు.

"పెద్దాయనా, ముందుకి రా. తాడు గట్టిగానే కట్టినాం."

"నువ్వు బండి సూసుకో. నేను అమ్మను సూసుకుంటా."

ఫోన్లు ఆన్‌లో పెట్టుకున్నాం, వాకీటాకీ మాదిరి.

హైవే ఎక్కిన కాసేపటికే తెలిసింది. ముందు భాగం తేలిపోతోంది. వెనక బరువుకు తోక కుంగింది, మూతి లేచింది. ఖాళీ బండికి పెట్టిన లెక్క తప్పి, ముందు చక్రాలు రెండూ బయటికి తిరిగాయి. కొత్తగా కాడి కట్టిన ఎద్దుల్లా ఒకటి రోడ్డు మధ్యకు, ఒకటి అంచుకు గుంజుతున్నాయి. బేతంచెర్ల బండల లారీ ఒకటి దాటిపోయింది. ఆ గాలికి బండి పక్కకు జరిగింది. నేను లాగాను. అటు ఎక్కువ పోయింది. మళ్లీ లాగాను.

"ఏందప్పా ఊపుతాండావు?"

"నేను ఊపడం ల్యా. బండే ఊగుతాంది. గట్టిగా పట్టుకో."

"పట్టుకొనే ఉండా."

ఒళ్లు మండుతోంది, భయంగానూ ఉంది. రెండూ దాచలేదు, గట్టిగానే తిట్టుకున్నాను. వేగం సైకిల్ అంత తగ్గించాను. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. కొట్టుకోనీ. ఆగి దించుదామంటే లేదు, వెనక్కి పోదామంటే లేదు. ఈ వేగంతో పోదామన్నా అవతల వాగు ఉంది. రాళ్ల మీద ఈ చక్రాలు నా మాట వినవు. బండి పడితే విగ్రహం మొదట ఆచారి మీదే పడుతుంది. దారి మీద ఒక్కటే ఉంది, నంద్యాలలో మస్తాన్.

షాపు ముందు ఆపాను. మస్తాన్ బయటికి వచ్చి, బండి తోక చూసి, వెనక ఉన్న ఆచారిని చూసి, నోరు తెరిచాడు.

"లోడ్ బండిని గుంట మీదికి ఎక్కించం అన్నా. ఎప్పుడూ చేయలే."

"ఇప్పుడు చేస్తావు."

"ఆయన్ని దిగమను మరి."

"నేను దిగను," ఆచారి పైనుంచి అన్నాడు. "అమ్మ ఎట్లుంటే అట్లనే సూడు."

ఆ షాపులో గుంట, దాని మీద రెండు ఇనుప పట్టాలు. మా లావు టైర్లకు పట్టా మీద రెండు వైపులా వేలెడు చోటే మిగిలింది. మస్తాన్ ఎదురుగా నిలబడి చేత్తో సైగ చేశాడు. "రా. రా. ఆగు. కొంచెం కుడి." చక్రం పట్టా అంచు ఎక్కేటప్పుడు బండి ఒక పక్కకు ఒరిగింది. వెనక తాడు కిర్రుమంది. ఆచారి అమ్మా అన్నాడు, ఒక్కసారే. నేను ఆగలేదు. ఆగితే వెనక్కి జారుతుంది. నాలుగు చక్రాలూ ఎక్కాక బ్రేక్ తొక్కాను.

మస్తాన్ గుంటలోకి దిగాడు. అంత రాతి కింద తల పెట్టాడు.

"బ్రేక్ మీద నుంచి కాలు తీయొద్దన్నా."

"తీయను."

 చేత్తో మోకాలు అదిమి పట్టుకున్నాను. తెర మీద అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి. కింద స్పానర్ తిరిగినప్పుడల్లా ఒక్కో అంకె కదులుతోంది. స్టీరింగ్ రాడ్లు, తర్వాత చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌ల బోల్టులు. ఒకటి తుప్పు పట్టి రాలేదు. సుత్తి కావాలన్నాడు.

"సుత్తి వద్దు," ఆచారి అన్నాడు. "దెబ్బకు రాయి అదురుతాది. నూనె పొయ్. ఉండు. నిదానంగా తిప్పు."

నూనె పోసి కూర్చున్నాం.  అప్పటికే ఊరివాళ్ల నుంచి ఫోన్లు. డప్పులతో వాగు అవతల నిలబడ్డారట. కాసేపటికి బోల్టు కదిలింది. ఎరుపు పచ్చగా మారింది, ఒకటి తర్వాత ఒకటి.

"పో అన్నా. ఇంక నీ మాట ఇంటాది."

విన్నది. నంద్యాల దాటి అడవి రోడ్డు పట్టినా బండి నేను చెప్పిన చోటికే పోయింది. వాగులో నీళ్లు మోకాలి లోతు, అడుగున గుండ్రాళ్లు. మొదటి గేరులో దింపాను. ఎత్తు లేపిన పొట్ట రాళ్లకు తగల్లేదు, చక్రాలు దారి తప్పలేదు. అవతలి ఒడ్డు ఎక్కేసరికి డప్పులు మొదలయ్యాయి. ఊరు ఊరంతా బండిని కమ్ముకుంది.

పూజారి ఎక్కి అమ్మ చేతి వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. చల్లగా ఉందన్నాడు. అందరూ దండాలు పెట్టారు. విగ్రహం దించడానికి తాడు విప్పబోయారు. రాలేదు. తాడు ఆచారి గుప్పిట్లో ఉంది.

"వదులు పెద్దాయనా."

"వదల్తాండా," అన్నాడు. చేయి వదల్లేదు. తెల్లబోయి తన చేతినే చూసుకున్నాడు. నేను ఎక్కి ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. అరచేయి చీరుకుపోయి ఉంది. ఆళ్లగడ్డ నుంచి ఆ చేయి ఒక్కసారి కూడా సడలలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్కన కూర్చున్నాడు. నంద్యాల శివార్లలో టీకి ఆపాను. గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయాడు. వేళ్లు ఇంకా వంగే ఉన్నాయి, లోపల తాడు ఉన్నట్టే. గ్లాసు నేను పట్టుకుని నోటికి అందించాను. తాగాడు. ఆ వంగిన చేయి ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లాడిలా నా చేతి నుంచి టీ తాగుతున్న ఆ ముసలాయన, ఇప్పటికీ నేను స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా నా పక్క సీట్లోనే ఉంటాడు.