చుట్టం కంటే ముందు తిన్న ముద్ద

మా అత్త ఎవరికైనా అన్నం పెట్టిందంటే, వాళ్లు తిని చెయ్యి కడుక్కునేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మా నాన్న వచ్చినా అంతే, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి వచ్చినా అంతే. కళింగపట్నంలో మా వీధి ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి గానీ, మా అత్తది మాత్రం పిచ్చి. నాకు ఒళ్లు మండేది.

ఆ డిసెంబరులో మా చర్చికి విదేశం నుంచి మిషన్ బృందం వచ్చి కళ్ల శిబిరం పెట్టింది. అత్త కుడి కంటికి శుక్లం తీశారు. ఆపరేషన్ జరిగినంతసేపూ ఆ బృందంలోని ఒక నర్సమ్మ, అత్త ఈడుదే, అత్త చెయ్యి వదల్లేదు. కట్టు విప్పగానే అత్త చూసిన మొదటి మొహం ఆమెదే. ఇక పట్టు పట్టింది, క్రిస్మస్ నాడు ఆమె మా ఇంట్లోనే తినాలని.

"నాకు కన్నిచ్చిన మనిసికి ఓ ముద్ద ఎట్టకపోతే ఎలాగే?" అని నా ప్రాణం తీసింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కాబట్టి వెళ్లి పిలిచాను. వాళ్లు పండగ మధ్యాహ్నమే ఆమదాలవలసలో రైలెక్కాలి. అయినా ఆరాధన అయ్యాక వస్తానంది.

కోనాం చేప పులుసు, పీతల ఇగురు, అరిసెలు. తెల్లవాళ్లు కారం తినలేరని నేనన్నందుకు అత్త పొయ్యి దగ్గర నాతో తగువు పెట్టుకుని, చివరికి కారం తగ్గించింది. అడ్డాకు విస్తరి వేసి, ఆమెను చాప మీద కూర్చోబెట్టి, అన్నీ వడ్డించి, ఈగలు తోలుతూ విసనకర్రతో పక్కన నిలబడింది.

ఆమె తినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అత్త కేసి చూసి నవ్వుతోంది. వాళ్లింట్లో వండిన మనిషి కూర్చుని మొదటి ముద్ద తినేదాకా ఎవరూ ముట్టరట, పండగపూట మరీనట. అత్తకి చెప్పాను.

"సాల్లే. సుట్టం తినకుండా నాను తింతానేటి? తినమను."

ఆమెకి చెప్పాను. తల అడ్డంగా ఊపి, పక్కన కూర్చోమన్నట్టు చాప మీద తట్టింది. అత్త సిగ్గుపడి విస్తట్లో ఇంకో పీత వేసింది. ఇద్దరు మర్యాదస్తుల మధ్య ఇరుక్కున్నదాని అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. అటు చెప్పి, ఇటు చెప్పి, నా గొంతు ఎండిపోయింది. పులుసు చల్లారిపోయింది. వీధి చివర బృందం బండి హారన్ మోగింది. ఇక విసిగిపోయి అనేశాను.

"అత్తా, నువ్వు కూసోకపోతే ఆయమ్మ తినదు. బండొచ్చీసింది. మరి నీ ఇష్టం."

అత్త నా కేసి ఒకసారి చూసింది. విసనకర్ర పడేసి ఆమె పక్కన కూలబడింది. విస్తరి కూడా వేసుకోకుండా, గిన్నెలోనే నాలుగు మెతుకులు కలిపి నోట్లో పెట్టుకుంది. నర్సమ్మ మొహం వెలిగిపోయింది. అన్నంలో వేళ్లు పెట్టింది.

అప్పుడే బృందం పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, రైలు తప్పిపోతుంది, అందరూ ఎక్కేశారు, లెమ్మన్నాడు. ఆమె ఒక్క నిమిషం అని అడిగింది. కుదరదన్నాడు. చెయ్యి దులుపుకుని లేచి, అత్తని కావలించుకుని, వచ్చే ఏడు తింటానని చెప్పి వెళ్లిపోయింది. అరిసెలు పొట్లం కట్టే వ్యవధి కూడా లేకపోయింది.

అత్త నోట్లో ముద్ద అలాగే ఉంది. మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. ఎదురుగా నిండు విస్తరి.

ఆ బృందం మళ్లీ మా వైపు రాలేదు. దారిలో ఆమె ఏదో ఒకటి తినే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా అత్త వినదు. నేను ఆ మాట అనకుండా ఉంటే నర్సమ్మ ఎలాగూ పస్తే వెళ్లేది, అత్త పద్ధతైనా అత్తకి మిగిలేది. అదే నా బాధ.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అత్త వంట చేస్తుంది గానీ వడ్డించదు. గరిటె నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోతుంది. మొన్న క్రిస్మస్‌కి మా అమ్మ వచ్చినప్పుడు బతిమాలాను, నువ్వే పెట్టు అత్తా అని.

"వొద్దే," అంది. "సుట్టాన్ని పస్తు పంపి, తాను తినీసిన సెయ్యి ఇది."