రెండో జట్టులో పెంచలయ్య మోకాలు

బహుధాన్య నామ సంవత్సరం, అంటే ఇంగ్లీషు లెక్కలో 1878, శ్రావణమాసంలో నన్ను ఉదయగిరి తాలింఖానాలో రెండో ఉస్తాదుగా పెట్టుకున్నారు. తాలింఖానా అంటే కసరత్తు, కుస్తీ, చెడుగుడు నేర్పే చోటు. మాది కొండకింద ఏటి ఇసుక తెచ్చి పోసిన బయలు, దాని పక్కన ఒక పాక, అంతే. దాన్ని పోషించింది తాలూకా సారా గుత్తదారుగారు. రెండేళ్ల కిందట మొదలైన ధాత కరువు అప్పటికి పూర్తిగా వదలనే లేదు. మెట్ట ఊళ్లలో సగం ఇళ్లకు తలుపులు లేవు, వంటచెరుకుగా అమ్మేశారు. సంవత్సరం పేరులో మాత్రం ధాన్యం పుష్కలంగా ఉండేది కాబట్టి జనం దానితో సరిపెట్టుకుంటున్నారు. అలాంటి అదనులో ఈ తాలూకాకు అన్నిటికంటే ముందు కావలసింది ఆత్మకూరువాళ్లను ఓడించే చెడుగుడు జట్టేనని గుత్తదారుగారికి తోచింది. పెద్దవాళ్లకు తోచేవి అలాగే ఉంటాయి.

ఇప్పుడు బడిపిల్లలు తోలుబంతిని కాలితో తన్నే ఆట ఒకటి వచ్చింది. అందులో అసలు జట్టు కాక రెండో జట్టు ఉంటుందనీ, దెబ్బ తగిలి కోలుకున్నవాణ్ణి ముందు దాంట్లో ఆడించి చూస్తారనీ మొన్న ఒక గుమాస్తా నాకు బోధించాడు, సీమ నుంచి నిన్ననే ఓడ దిగిన విద్య అన్నట్టు. నేను ఏ బడికీ పోలేదు. కూలిన కోటగోడ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. కానీ ఆ గుమాస్తా పుట్టకముందే ఆ పని చేసి జీతం తిన్నాను. చెబితే నవ్వాడు. అందుకే రాస్తున్నాను.

మా తాలింఖానాలో హోదాలు ఇలా ఉండేవి. అందరికీ పైన పెద్ద ఉస్తాదుగారు. ఆయన నెల్లూరు నుంచి శాలువాతో సహా వచ్చిన మనిషి. మొదటి జట్టుకు ఆయనే గురువు. పందెం ఆడేది, ఊరేగేది, దండలు వేయించుకునేది మొదటి జట్టే. వాళ్ల ఇళ్లకు వారం వారం జొన్నలు వెళ్లేవి. రెండో జట్టు నాది. మొదటి జట్టులో ఎవరైనా పడిపోతే ఆ చోటు నింపడానికి వీళ్లను ఉంచుకుంటారు. వీళ్లతో పాటు కట్టువాళ్లు కూడా నాకే. కట్టువాడంటే దెబ్బతిని, కట్టు కట్టించుకుని, తిరిగి ఆటకు వస్తున్నవాడు. రెండో జట్టుకూ కట్టువాళ్లకూ తాలింఖానాలోనే గంజి పోస్తారు. ఇంటికి గింజ వెళ్లదు. కడుపు ఉదయగిరిలో నిండుతుంది. పెళ్లాంబిడ్డలు సీతారామపురంలో ఉంటే అది వాళ్ల ఖర్మ.

నా పని చూడటం. చెడుగుడులో కూత పెట్టేవాడు మధ్యగీత దాటి, గుక్క తిప్పుకోకుండా ‘చెడుగుడు చెడుగుడు’ అంటూ అవతలివాళ్లను తాకి వెనక్కి రావాలి. పట్టుకునేవాళ్లు అతని గుక్క ఆగేదాకా వదలకూడదు. పట్లన్నిటిలోకీ గట్టిది కాలిపట్టు. కట్టువాణ్ణి రెండో జట్టుతో ఆడించి, పరుగు ఎలా ఉంది, మలుపు ఎలా ఉంది, పడినప్పుడు ఏ చెయ్యి ముందు నేలకు ఆనిస్తున్నాడు, ఇవన్నీ చూసి ‘ఇతను పనికొస్తాడు’ అని నేను చెబితేనే మొదటి జట్టుకు పోవాలి. నియమం అది. పాటించింది ఎంతవరకో ముందుముందు చెబుతాను.

రెండో జట్టు ఆట చూడటానికి ఎవరూ రారు. చాకలివాళ్ల గాడిదలు వచ్చేవి. వాటికి ఆట అర్థమయ్యేదో లేదో గానీ, అర్థమైనట్టు తలలూపుతూ సలహాలు మాత్రం ఇచ్చేవి కావు. ఆ తర్వాత నేను ఎరిగిన పెద్దమనుషులతో పోలిస్తే ఉత్తమ ప్రేక్షకులు.

పెంచలయ్య సీతారామపురం మెట్టసేద్యగాడు. ఎద్దులు కరువులో పోతే కూతను నమ్ముకుని వచ్చాడు. మొదటి జట్టుకు ప్రాణం అతనే. దసరా ముందర ఆటలో ముగ్గురు మీద పడి మోకాటి చిప్ప పక్కకు జరిగింది. దుత్తలూరు నుంచి కట్టు కట్టే ముసలాయన్ను పిలిపించారు. ఆయన మినప్పిండి, గుడ్డుసొన పట్టువేసి, వెదురుబద్దలు బిగించి, కొన్నాళ్లకు విప్పేసి, మోకాటి కింద ఒక పసుపు దారం కట్టి వెళ్లాడు. మా వైపు వాడుక అది. ఆ దారం కట్టినాయన వచ్చి తెంపేదాకా ఆ కాలిని ఇంకొకడి చెయ్యి తాకకూడదు. తాకితే తాకినవాడికి అదే కాలు విరుగుతుందని నమ్మకం. మనుషులు ఓపిక పట్టరని పూర్వం ఎవరో తెలివైన వైద్యుడు పెట్టిన భయమని నా ఊహ. మంచి భయమే.

దారంతోనే పెంచలయ్య నా దగ్గరికి వచ్చాడు. ఆడించాను. మొదటిరోజే గీత దాటి, కనబడినవాణ్ణల్లా తాకి, నవ్వుతూ తిరిగొచ్చాడు. రెండోరోజూ అంతే. ఊళ్లో గుప్పుమంది. మూడోరోజు గాడిదల్ని తోలేసి గుత్తదారుగారికి మంచం వేశారు. పక్కన పెద్ద ఉస్తాదుగారు, చుట్టూ ఆయన ఊపిరి తీస్తే ‘ఆహా’ అనే నలుగురు. పెంచలయ్య ఆరోజు రెండో జట్టు మొత్తాన్నీ ఊడ్చేశాడు.

“చూసినావా ఉస్తాదూ! పులి!” అన్నారు గుత్తదారుగారు. “వచ్చే వారం ఆత్మకూరులో వీడే కూత.”

నేను ముందుకు వచ్చి, “అయ్యా, ఇంకా చాలదు. వాణ్ణి ఎవురూ పట్టుకోలా” అన్నాను.

“పట్టుకోలేకపోయినారు. దాన్నే బలమంటారు.”

“పట్టుకోలేక కాదయ్యా, భయపడి. దారం ఉండాది కదా. కాలు దగ్గిరికొస్తే చేతులు వెనక్కి తీసుకుంటా ఉండారు. ఆ మోకాలు పట్టుకి నిలస్తాదో లేదో ఎవురు చూసినారు?”

పెద్ద ఉస్తాదుగారు శాలువా సర్దుకుని, “ఈ రోశయ్యకి గెలుపంటే గిట్టదు దొరా. రెండో జట్టుతో ఉండి ఉండి కళ్లు కూడా రెండోరకమైపోయినాయి” అన్నారు. నలుగురూ ఆహా అన్నారు. నియమం ఎంతవరకు పాటించారో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ సాయంత్రం పెంచలయ్యతో మాట్లాడాను. “ఏం రా, నొప్పి ఉండాదా లేదా? నాతో చెప్పు.”

“ఉంటే మాత్రం ఏందన్నా? నేను ఈడ గంజి తాగతా ఉండా. ఆడ మా ఆడది గడ్డలు తవ్వుకొని ఉడకేస్తా ఉండాది. మొదటి జట్టులో ఉంటే ఇంటికి జొన్నలు పోతాయి.”

“కాలు పోతే వానలొచ్చినాక చేలో గుంటక ఎవురు తోలతారు? నీ పెళ్లామా?”

“వానలు రానీ, చూస్తాం” అన్నాడు. రెండేళ్లు వానలు చూడనివాడికి వానల సంగతి చెప్పబోయాను.

ఇక గుత్తదారుగారి మేధస్సు. దారం ఉంటే ఉదయగిరివాళ్లు ముట్టుకోవడం లేదు కాబట్టి ఆత్మకూరువాళ్లు కూడా ముట్టుకోరు. అందువల్ల దుత్తలూరు ముసలాయన్ను పిలవనే వద్దు, దారంతోనే ఆడించండి, అన్నారు. మనిషి కాలిని కాపాడటానికి పుట్టిన భయాన్ని ఆ కాలితోనే పందెం గెలవడానికి వాడుకోవచ్చునని కనిపెట్టడం సామాన్యం కాదు. సారా గుత్త ఊరికే రాదు.

బళ్లు కట్టుకుని ఆత్మకూరు చేరాం. ఊరి బయట బయలు నిండా జనం, చేజర్ల నుంచి కూడా వచ్చారు. ఆత్మకూరు జట్టు ఇంకా రాలేదు. కాసేపటికి డప్పుతో వచ్చింది. మావాళ్ల నోళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. జట్టులో ప్రతివాడికీ రెండు మోకాళ్ల కిందా పసుపు దారాలు. కొందరికి మోచేతులకు కూడా. ఒకడు నడుముకు చుట్టుకున్నాడు. మా ఊరి గుట్టు వాళ్లకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. మంచం చుట్టూ ఆహా అన్న నలుగురికీ నాలుగు నోళ్లున్నాయి మరి.

పెద్ద ఉస్తాదుగారు మండిపడ్డారు. “ఏంది ఈ ఏషాలు?”

వాళ్ల జట్టు పెద్ద రమణయ్య, నిండైన మనిషి, కుంటుతూ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. “ఏం చెప్పమంటావు నాయనా, మా ఊరంతా దెబ్బలే. మీమీద గౌరవం కొద్దీ లేచొచ్చినాం. కాస్త చూసుకోని పట్టుకోండయ్యా. ఆ నడుము దారమోడు మరీ సున్నితం.”

జనం నవ్వు ఆగలేదు. అయినా ఆట మొదలుపెట్టారు. ఆ ఆటను నేను మరిచిపోను. వాళ్లు కూత పెట్టుకుంటూ వచ్చి మావాళ్లను తాకి, షికారు వచ్చినట్టు నడిచి వెళ్లేవారు. మావాళ్లు చేతులు చాచి, దారం చూసి, ముడుచుకునేవారు. పెంచలయ్య వెళితే వాళ్లూ అంతే. ఒకడైతే దారి వదిలి, “దయచెయ్యి మామా” అన్నాడు. ఎవరినీ ఎవరూ పట్టని చెడుగుడు భూమండలంలో అదొక్కటే అయివుంటుంది.

మధ్యవర్తిగా కూర్చున్న ఆత్మకూరు పెద్దాయన చివరికి లేచి నిలబడ్డాడు. “చాల్లే తమాషా. కాలు బాగుండేవోడు దారం తెంపి ఆడండి. బాగలేనోడు బయట కూచోండి. దారంతో గీత దాటినోడు ఓడినట్టే.”

ఆ మాట పూర్తికాకముందే ఆత్మకూరువాళ్లు పటపటా దారాలు తెంపి గాలిలోకి విసిరారు. నడుము సున్నితంగాడు పిల్లిమొగ్గ కూడా వేశాడు. మిగిలింది పెంచలయ్య ఒక్కడే.

“తెంపరా” అన్నారు గుత్తదారుగారు.

పెంచలయ్య వంగి దారం మీద చెయ్యి వేశాడు. అవతల రమణయ్య కుంటడం మానేసి, భుజాలు విదిలించి, కాలిపట్టుకు చేతులు సిద్ధం చేసుకుంటున్నాడు. ఆ చేతులు చూశాను. అవి మోకాటికి చుట్టుకుంటే, లోపల అతుకు పడకపోతే, ఆ మనిషి ఇక జన్మలో గుంటక వెనక నడవడు. అతుకు పడిందా లేదా? నిజంగా నాకూ తెలియదు. రోజుల తరబడి చూసింది నేనే, అయినా తెలియదు. పట్టుకోనిదాన్ని చూసి ఏం తెలుస్తుంది?

గీత దగ్గరికి వెళ్లాను. “పెద్దాయనా, రెండో ఉస్తాదుని. కట్టువాణ్ణి పరీక్ష చేసి పంపడం నా హక్కు. ముందు నేను పట్టుకుంటాను. విడిపించుకుంటే ఆడనీండి” అన్నాను. ఆయన తల ఊపాడు.

“రోశయ్యా, ముట్టుకున్నావంటే చూడు” అని గుత్తదారుగారు అరుస్తూనే ఉన్నారు. దారం ఇంకా తెగలేదు. జనం మొత్తం వద్దు వద్దంటోంది. పెంచలయ్య నాకు మాత్రం వినబడేలా, “వద్దన్నా, జొన్నలు పోతాయి” అన్నాడు. నేను కూర్చుని మోకాటి కింద పట్టుకున్నాను. ఆటలో పట్టే పట్టులో సగం కూడా కాదు. “లాక్కో” అన్నాను. లాగబోయాడు. చిప్ప నా అరచేతి కింద కప్పలా కదిలింది. పెంచలయ్య ఒక్క అరుపు అరిచి ఇసుకలో కూలబడ్డాడు.

అతని బదులు నా రెండో జట్టు నుంచి మస్తాను వెళ్లాడు. బాగానే ఆడాడు. ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో ఉదయగిరి వచ్చేదాకా గుత్తదారుగారు చెప్పిందేమిటంటే, బంగారంలాంటి కాలిని రోశయ్య ముట్టుకుని చెడగొట్టాడని. రోశయ్య కాలు విరగడం ఖాయమని పెద్ద ఉస్తాదుగారు ధైర్యం చెప్పారు. విరిగేదాకా ఆగే ఓపిక లేక మర్నాడే నన్ను పనిలోంచి తీసేశారు. మస్తాను ఇంటికి జొన్నలు వెళ్లాయి. పెంచలయ్య కుంటుకుంటూ సీతారామపురం వెళ్లిపోయాడు. అతని భార్య ఉదయగిరి సంతలో నన్ను పట్టుకుని, నా చేతులు పడిపోవాలని నలుగురిలో శపించింది. ఆమెకు ఆ హక్కు ఉంది, ఆ నెలలు గడ్డలు ఉడికించుకుని తిన్నది ఆమె.

దుత్తలూరు ముసలాయన మళ్లీ బద్దలు కట్టి, ఈసారి దారం తన చేత్తోనే తెంపాడు. మరుసటి ఏడు, ప్రమాదిలో, వానలు పడ్డాయి. ఆ దారిన వెళుతూ చూస్తే పెంచలయ్య అరువుతెచ్చిన ఎద్దులతో గుంటక తోలుతున్నాడు. కాలు కొంచెం ఈడుస్తున్నాడు, కానీ చాలు తప్పడం లేదు. నన్ను చూసి ఆగాడు.

“నువ్వు పట్టుకోకుంటే ఆడి ఉందును” అన్నాడు.

“ఆడి ఉంటే?”

“ఆడి ఉందును” అని మళ్లీ అని, ఎద్దుల్ని అదిలించాడు.

అటుపిమ్మట వేరే ఊళ్లలో, వేరే పెద్దమనుషుల కింద ఇదే పని చాలాకాలం చేశాను. నేర్చుకున్నది ఒక్కటే. దెబ్బనుంచి తిరిగొచ్చినవాడు ఎలా ఆడుతున్నాడో చూడటం దండగ. అతనికి ఎదురు నిలిచినవాళ్ల చేతులు చూడాలి. అవి సగంలో ఆగిపోతుంటే అతను గెలుస్తున్నట్టు కాదు, అతన్ని ఇంకా ఎవరూ పరీక్షించలేదన్నట్టు. ఆ పరీక్ష శత్రువు చేసేలోగా మనవాడే ఒకడు చెయ్యాలి. చేసినవాడికి ఉద్యోగం ఉండదు.