పగులు మీద పెట్టిన దిమ్మె

ఆరేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీకు చెప్పడం సులువనుకున్నాను. సులువేం కాదు. పొద్దుటి నుంచి ఈ నాలుగు వాక్యాలకే మూడు కాగితాలు చింపేశాను.

నాది కమాన్ పని. లారీలకు, పికప్ బండ్లకు వెనక చక్రాల దగ్గర విల్లులా వంగిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి చూశారా, దాన్నే కమాన్ కట్ట అంటాం. బండి మోసే బరువంతా దాని మీదే. ఇరవై రెండేళ్ల కిందట కోస్తా నుంచి వచ్చి శంషాబాద్‌లో, తొండుపల్లి వైపు వెళ్లే దారి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. ఇక్కడివాళ్లు నన్ను ఆంధ్రా మేస్త్రి అంటారు. మొదట్లో వెటకారంగా అనేవాళ్లు. పోను పోను గౌరవంగా అనడం మొదలుపెట్టారు. ఆ గౌరవమే నా కొంప ముంచింది. కాదు, తప్పు రాశాను. మునిగింది నా కొంప కాదు, ఇంకొకరిది.

యాదయ్యది పాల్మాకుల. ఈ పేరు నేను మార్చి రాస్తున్నాను, వాళ్లావిడ సత్తెమ్మ పేరు కూడా మార్చాను. అదీ పిరికితనమే అనుకోండి. మొగుడూ పెళ్లాలిద్దరూ వంటలు ఒప్పుకునేవాళ్లు. సత్తెమ్మ చేతి సాంబారంటే ఈ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో పేరు. ఇంటి దగ్గర వండి, పెద్ద పెద్ద గిన్నెలు పికప్‌లోకి ఎక్కించి, హాలుకు తెచ్చేవాళ్లు. యాదయ్య నడిపేవాడు. సత్తెమ్మ వెనక గిన్నెల మధ్య పీట వేసుకుని, మూతలు కదలకుండా పట్టుకుని కూర్చునేది. వంటల బండ్లలో అందరూ అలాగే వస్తారు, ఎవరో ఒకరు వెనక కూర్చోక తప్పదు.

ఆ బండి ఎడమ వైపు వెనక కుంగింది. నాలుగు వేళ్ల మందం తేడా. నడుస్తుంటే సాంబారు గిన్నె ఎడమకు జరిగి మూత పక్క నుంచి ఒలికేది. పెళ్లిళ్ల రోజులు. యాదయ్య ముందు ఆరాంఘర్‌లో ఒక ఉస్తాద్‌కు చూపించాడు. ఆయన కిందకు వంగి చూసి, కొత్త కట్ట వేయాలి, రెండు రోజులు బండి వదిలిపెట్టు అన్నాడట. రెండు రోజులంటే రెండు పెళ్లిళ్లు. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. కుంగిన బండిని సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత కట్ట తీసేసి కొత్త పట్టీలు వేయడం. రెండోది, కట్టకూ ఇరుసుకూ మధ్య ఒక ఇనుప దిమ్మె పెట్టి ఆ మేరకు లేపడం. దాన్నే స్పేసర్ అంటారు. దిమ్మె పెట్టడం తప్పేమీ కాదు. పట్టీలు గట్టిగా ఉండి, కాస్త అలసి కుంగితే దిమ్మె చాలు. నేనే కొన్ని వందల బండ్లకు పెట్టాను, హాయిగా తిరుగుతున్నాయి. కానీ దిమ్మె ఎత్తును మాత్రమే ఇస్తుంది. బలం ఇవ్వదు. ఇది మా పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి. నాకు తెలియక జరిగిందని మీరు అనుకోకూడదనే చెబుతున్నాను.

యాదయ్య వచ్చినప్పుడు షెడ్డు ముందు బల్ల మీద ముగ్గురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. అదే నా ఖర్మ. నలుగురు వినేవాళ్లుంటే నా నోరు ఊరుకోదు. ఆరాంఘర్ ఉస్తాద్ మాట వినగానే నవ్వేశాను. ఆయన, బండికి జలుబు చేసినా కొత్త కట్టే వేయమంటాడన్నాను. డ్రైవర్లు పగలబడి నవ్వారు. యాదయ్యా, గంటలో లేపి ఇస్తాను, దిమ్మె పెడితే చాలు, వెనక టీ గ్లాసు పెడితే చుక్క ఒలకదు అన్నాను. బండి కిందకు వంగి చూడకముందే అన్నాను ఈ మాటలన్నీ.

తర్వాత జాకీ పెట్టి లేపి, బోల్టులు విప్పాను. కట్ట మీద బిగించి ఉన్న ఇనుప బిళ్ల తీసి కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. పై పట్టీ మీద, సరిగ్గా నడుమ రంధ్రం పక్కన, సన్నటి గీత. గోరుతో గీకాను. గోరు తగులుకుంది. గీత కాదు, పగులు. పై పట్టీ అంటే మిగతా పట్టీలన్నింటినీ బండికి పట్టి ఉంచేది. అది పగిలితే కట్ట మార్చడం తప్ప ఇంకో వైద్యం లేదు.

ఆరాంఘర్ ఉస్తాద్ వంగి చూసి చెప్పింది నిజమే.

నేను బండి కింద వెల్లకిలా పడుకుని ఎంతసేపున్నానో తెలియదు. టీ తాగేవాళ్ల చెప్పులు కనిపిస్తున్నాయి. నవ్వులు వినిపిస్తున్నాయి. బయటికి వచ్చి ఒక్క మాట అనాలి. "యాదయ్యా, ఆయన చెప్పిందే రైటు, కట్ట పోయింది." ఎంతసేపు పడుతుంది ఈ మాటకు? కొత్త కట్ట వేస్తే నాకే నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలేవి కూడా. డబ్బు కోసం చేశానని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు. మరి ఎందుకు అనలేదు? ఆ ముగ్గురి ముందు, అయిదు నిమిషాల కిందట నవ్వి, ఇప్పుడు మాట మార్చుకోవాలంటే నామోషీ. అంతే. ఇంతకంటే పెద్ద కారణం కోసం ఆరేళ్లు వెతికాను. దొరకలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బండి నుంచి ఏ సామాను తీసినా యజమాని కాళ్ల ముందు పెడతాం. ఆయన చూసుకుంటాడు, పోయిందో లేదో ఆయనకే తెలుస్తుంది. దిమ్మె పెడితే తీసేదేమీ ఉండదు. చూపించేదేమీ ఉండదు. దిమ్మె పెట్టి, పగులు మీద బిళ్ల వేసి, బోల్టులు బిగించేశాను. పగులు దాని కింద మూసుకుపోయింది.

బండి దించితే రెండు వైపులా సమంగా నిలబడింది. నిండుగా పోసిన టీ గ్లాసు వెనక పెట్టాను. చుక్క ఒలకలేదు. డ్రైవర్లు శభాష్ అన్నారు. ఆ టీ యాదయ్యే తాగాడు. పెళ్లిళ్లు అయిపోయాక ఒకసారి తీసుకురా అన్నాను అతనితో. ఎందుకో చెప్పలేదు. అతను అడగలేదు. పది రోజులు గడిచాయి, పదిహేను గడిచాయి. అతని నంబరు నా ఫోనులో ఉంది. రోజూ అనుకునేవాణ్ని, రేపు చేద్దామని. బండి తిరుగుతూనే ఉంది కదా, ఏమీ కాలేదు కదా అని కూడా అనుకునేవాణ్ని. మనసుకు సర్దిచెప్పుకోవడం మొదలుపెడితే దానికి హద్దేముంది?

మూడు వారాలకు, మిట్టమధ్యాహ్నం, భోజనాల వేళకు అందుకోవాలని వస్తూ యాదయ్య ఫంక్షన్ హాలు మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగాడు. ఎడమ కట్ట విరిగింది. బండి ఒక పక్కకు వాలింది. పొయ్యి మీద నుంచి దించిన సాంబారు గిన్నె జారింది. సత్తెమ్మ దాన్ని వదిలేసి తప్పుకుని ఉండాల్సింది. పట్టుకుంది. పెళ్లివాళ్ల అన్నం కదా, పట్టుకుంది. కుడి చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా ఉడికిపోయింది.

ప్రాణానికి ఏమీ కాలేదు. రెండు నెలలు దవాఖానలో ఉంది. వేళ్లు దగ్గరకు లాక్కుపోయాయి, గరిటె పట్టుకోవు. ఆ చెయ్యి మళ్లీ వంట చేయలేదు.

ఇప్పుడు అసలు పాపం చెబుతాను. ఇంతవరకు చెప్పినదాన్ని పొరపాటు అనవచ్చునేమో, అహంకారం అనవచ్చునేమో. దీనికి ఆ పేర్లు సరిపోవు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న క్రేన్‌తో బండిని నా షెడ్డుకే తెచ్చి పడేశారు. యాదయ్య దవాఖాన నుంచి మధ్యాహ్నం వస్తానని కబురు చేశాడు. నేనొక్కణ్నే విప్పాను. విరిగిన పై పట్టీ రెండు ముక్కలు చేతిలోకి వచ్చాయి. విరిగిన చోట సగం నల్లగా తుప్పుతో ఉంది, సగం కొత్త ఇనుములా తళతళ మెరుస్తోంది. నల్లటి సగం పాత పగులు. మెరిసే సగం ఆ రోజు విరిగింది. బండి పని తెలిసినవాడెవడైనా ఒక్క చూపులో చెప్పేస్తాడు, ఇది ముందే పగిలి ఉందని. యాదయ్య కూడా పదిహేనేళ్లు బండి నడిపినవాడే.

నేను కొలిమి రాజేశాను. పట్టీలు సాగదీయడానికి షెడ్డులో కొలిమి ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండు ముక్కల కొసలు నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చాను. ఎరుపు తగ్గాక నలుపూ మెరుపూ పోయి అంతా ఒకే బూడిద రంగుకు వచ్చింది. తీరిగ్గా చేశాను ఆ పని. చేతులు వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మధ్యాహ్నం యాదయ్య వచ్చాడు. నిద్ర లేక కళ్లు వాచిపోయి ఉన్నాయి. ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందన్నా, ఇంక వేడిగుంది?"

"తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కాల్చి తీయాల్సొచ్చింది," అన్నాను.

విరిగిన చోటును బొటనవేలితో రుద్ది చూశాడు.

"అన్నా, నువ్వైతే నిజమే చెప్తవు. ఆ దినం రెండు గిన్నెలు ఎక్కువేసిన. సత్తెమ్మ వద్దన్నది. రెండు ట్రిప్పులు కొడదాం, జర ఆలస్యమైతే ఏమైతదన్నది. నేనే ఇనలే. గా బరువుకే ఇరిగింది గదా?"

ఆ రెండు గిన్నెలు ఒక లెక్క కాదు. మంచి కట్ట అంతకు రెట్టింపు మోస్తుంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"అవును యాదయ్యా. బరువెక్కువైంది," అన్నాను.

"గట్లనే అనుకున్న," అన్నాడు. "ఇగ నా చేతులతో నేనే సత్తెమ్మను కాల్చినట్టాయె."

ముక్కను కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. అవును, ఓదార్చాను. ఆ చెయ్యి ఇదే, ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తున్నది.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు రాయలేను. వంటలు మానేశారు. బండి అమ్మేశారు. యాదయ్య ఇప్పుడు ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లను తీసుకొచ్చే బస్సు నడుపుతున్నాడు. ఒకసారి పాల్మాకులలో వాళ్లింటికి వెళ్లాను. సత్తెమ్మ ఎడమ చేత్తో టీ తెచ్చి ఇచ్చింది. యాదయ్య ఇంట్లోనే ఉన్నాడు. అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. అతని గ్లాసు గడప మీద పెట్టి లోపలికి వెళ్లింది. పోట్లాడినా బాగుండేది. ఆమెకు తన చెయ్యి పోయినందుకు కంటే, వద్దని చెప్పినా వినలేదన్నదే ఎక్కువ బాధ అని నాకు అర్థమైంది. నేను బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర, "ఈన నా మాట ఏనాడు ఇనలే అన్నా," అంది. ఆయన వినకపోవడం వల్ల కాదమ్మా అని చెప్పగలిగింది నేనొక్కణ్నే. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అంటారేమో. పోయిన వారం యాదయ్య షెడ్డుకు వచ్చాడు. అప్పుడప్పుడూ వస్తాడు, నా మీద అభిమానం. ఒక పికప్ కుర్రాడు దిమ్మె పెట్టించుకోవాలా, కొత్త కట్ట వేయించుకోవాలా అని తర్జనభర్జన పడుతుంటే, యాదయ్య అతని పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, అన్న ఏది చెప్తే అది చెయ్యి. అన్న పనిల వంక ఉండది. బరువు మాత్రం జర తక్కువెయ్యి. నేను ఎక్కువేసి నా ఇంటిదాని చెయ్యి తీసిన," అన్నాడు.

ఎవరూ అడగలేదు. తనంతట తానే చెప్పాడు. ఎక్కడికి వెళ్లినా ఇలాగే చెప్పుకుంటాడట, ఇంకొకరికి అలా జరగకూడదని. నేను చేసిన నేరం అతను ఊరంతా తిరిగి తన పేరు మీద ఒప్పుకుంటున్నాడు. ఆ రోజు షెడ్డు మూసేసి ఇంటికి వెళ్లిపోయాను. ఒంట్లో బాగాలేదని మా ఆవిడకు చెప్పాను. అన్నం సయించలేదు.

వాళ్లకు చెబుతానా? తెలియదు. ధైర్యముందని ఇక్కడ ఇంకో అబద్ధం రాయను. క్షమిస్తారని ఆశ కూడా లేదు, వాళ్ల చోట నేనుంటే క్షమించను. ఆమె ఆరేళ్లుగా భర్త మీద పెట్టుకున్న కోపం న్యాయంగా నాది, నా మీదికే రావాలి. వచ్చినా ఆ చెయ్యి తిరిగి రాదు, వాళ్లు మాటలు లేకుండా గడిపిన రోజులూ తిరిగి రావు. అదంతా తెలిసి కూడా, ఇన్నాళ్లూ నేను భయపడింది శంషాబాద్‌లో నా పేరు పోతుందనే. ఎంత చిన్న మనిషినో చూడండి.

ఇంతా రాసి ఒకసారి వెనక్కి చదువుకున్నాను. మీకు చాలా చెప్పాను గానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన మాట మాత్రం రాయలేదు. ఆమె నా ఎదురుగా ఉందనుకుని రాస్తాను.

సత్తెమ్మా, ఆ పట్టీ నా దగ్గరికి వచ్చేసరికే పగిలి ఉంది. నేను చూశాను. చూసి మూసేశాను. రెండు గిన్నెల బరువుకు అది విరగలేదు. మీ ఆయన తప్పేమీ లేదమ్మా.

రాసేశాను. ఒకసారి పైకి చదివాను కూడా. నా నోటి నుంచి ఈ మాట రావడం ఇదే మొదటిసారి.