వెనక సీటు బరువు

మామ పోయాడన్న కబురు తిరువళ్ళూరు ఆఫీసులో ఉండగా తెలిసింది. తిరుత్తణిలో ఆయన షెడ్డు పక్కన టీకొట్టు నడిపే మనిషి ఫోన్ చేశాడు. "అన్నా, మెకానిక్ మామ పొద్దన్నే పోయినాడు. నిద్రలోనే. నీకు చెప్పకుంటే బాగుండదని చేస్తా ఉండా," అన్నాడు. సరే అని ఫోన్ పెట్టేసి, ముందున్న ఫైలునే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటాయన ఎవరని అడిగితే మా మెకానిక్ అన్నాను. ఆయన అయ్యో అని మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. మెకానిక్ పోతే మనిషి ఇంత డీలా పడతాడని ఎవరనుకుంటారు?

మామ నాకు చుట్టం కాడు. పళ్ళిపట్టు రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. అక్కడికి బండి తెచ్చిన ప్రతివాడికీ ఆయన మామ, ఆయనకు ప్రతివాడూ అల్లుడు. ఆయనకు పిల్లలు లేరు. "కూతుర్లు లేకపోయినా అల్లుళ్ళకేం కొదవ లేదప్పా నాకు. దీపావళికి గుడ్డలు పెట్టే పని గూడా లేదు," అని నవ్వేవాడు.

నా దగ్గర ఒక పాత క్రూయిజర్ బండి ఉంది. పొడుగాటి హ్యాండిల్, కిందికి దిగిన సీటు. చూడడానికి జమీందారు, లాగడానికి ముసలి ఎద్దు. వయసులో ఉన్నప్పుడు మోజుపడి, ఎవరో వాడిన దాన్ని కొన్నాను. నేనూ మా ఆవిడా నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు తిరుత్తణి కొండ మీది గుడికి పోతాం. ఆవిడకు మోకాలి నొప్పి, మెట్లు ఎక్కలేదు. బండి మీద ఘాట్ రోడ్డున పోతే, నిటారుగా ఉండే ఒక మలుపు దగ్గర ఇంజను ఆయాసపడి ఆగిపోయేది. అప్పుడు ఆవిడే దిగి, మోకాలు పట్టుకుని ఆ మలుపంతా నడిచి ఎక్కేది. ఆటోల్లో పోయేవాళ్ళు నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. మనమూ ఆటోలో పోదామంటే, "మన బండి ఉండంగా ఆటో ఏందికి?" అనేది. నా పరువు నిలబెట్టడానికే అలా అనేదని నాకు తెలుసు. ఆవిడను దించకుండా కొండెక్కాలి. ఆ ఒక్క కోరికతోనే మామ దగ్గరికి పోయాను.

"ఇంజను విప్పి పెద్ద పిస్టన్ వెయ్యి మామా, బండికి బలం లేదు," అన్నాను.

"బలం లేదని ఎవురు చెప్పినారు?"

"కొండ చెప్పింది."

"అట్లయితే కొండనే అడగదాం పద," అని నా వెనక ఎక్కి కూర్చున్నాడు. మామ భారీ మనిషి. ఆయన కూర్చోగానే స్ప్రింగులు మూలిగాయి.

అదీ ఆయన పద్ధతి. బలం కావాలని ఏ బండి వచ్చినా, రిపేరుకు ముందొకసారి, తరవాతొకసారి తను వెనక కూర్చుని కొండెక్కేవాడు. "ఒంటిగా పొయ్యేవాడికి బలం ఏందికి అల్లుడా? వెనకాల ఒక మనిషిని కూచోబెట్టుకోని ఎక్కితే అది బలము," అనేవాడు. అంత ఎక్కీ గుడి దాకా వచ్చేవాడు కాదు. చివరి మలుపులో దిగి, నూనె చేతులతో సామి ముందర నిలబడకూడదని వెనక్కి తిప్పేయమనేవాడు.

పెద్ద పిస్టన్ మాత్రం వెయ్యలేదు. మొదట బండి వెనక బ్రేకు విప్పాడు. నేను అడిగింది బలం కదా అంటే, "నిలబడే దానికి తెలీని దానికి ఉరికేది నేర్పించకూడదు," అన్నాడు. తరవాత వాల్వులు సరిచేశాడు. కార్బురేటర్ కడిగి, పెట్రోలు వదిలే లోపలి జెట్టు ఒక సైజు పెంచాడు. సైలెన్సర్ లో ఏళ్ళ తరబడి పేరుకున్న మసి రాలగొట్టాడు. చైను తిప్పే ముందు స్ప్రాకెట్ మార్చి, ఒక పన్ను తక్కువది వేశాడు. దానితో రోడ్డు మీద వేగం కొంచెం తగ్గుతుందని, ఎత్తు మీద లాగుడు పెరుగుతుందని విడమరిచి చెప్పాడు. పాత ఫిల్టర్ డబ్బా తీసేసి, గాలి బాగా పీల్చే గుడ్డ ఫిల్టర్ ఒకటి పెట్టాడు. రెండు రోజులు తిరిగొచ్చాక ప్లగ్గు ఊడదీసి చూపించాడు. "చూడు, డికాక్షన్ రంగులో ఉండాది. ఇంక దిగులు లేదు. ఉండే బలాన్ని పోగొట్టుకోని, కొత్త బలానికి అంగడికి పోతారు అందురూ," అన్నాడు. మీలో పాత బండ్లు ఉంచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ మాట రాసి పెట్టుకోండి.

ఇక నేను చేసిన ఘనకార్యం. వారం తిరక్కుండా ఆయుధ పూజ వచ్చింది. బండి కడిగి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, కొత్త సామాను కదా అని ఆ గుడ్డ ఫిల్టర్ కు చుట్టూ తడి గంధం దట్టంగా పూసి, విభూది పట్టెలు తీర్చి, కుంకుమ పెట్టాను. మా ఆవిడను ఎక్కించుకుని కొండకు బయలుదేరాను. సగం దూరం పోయేసరికి బండి దగ్గడం మొదలుపెట్టింది. ఆ పాత మలుపు దగ్గరే ఆగిపోయింది. మా ఆవిడ మోకాలు పట్టుకుని దిగింది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మామకు ఫోన్ చేసి, "పెద్ద పిస్టన్ వేయమంటే విన్నావా? నీ పని ఇంతేనా?" అని నోటికొచ్చినట్టు అన్నాను. మామ ఒక్కటే అడిగాడు: "యాడ ఉండావు?"

టీకొట్టు ఆయన దగ్గర మోపెడ్ అడిగి తీసుకుని మామ వచ్చాడు. చేతిలో స్పానర్ లేదు, ఆ రోజు సామానంతా పూజలో ఉంది కాబట్టి ముట్టకూడదు. పూజలో పెట్టిన బొరుగులు, పుట్నాలు మాత్రం పొట్లం కట్టి తెచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఫిల్టర్ దగ్గర వంగి, చాలాసేపు లేవలేదు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని అర్థమైంది.

"దేవుడి పేరు చెప్పి దాని ముక్కు మూసేసినావు గదా అల్లుడా," అన్నాడు.

మా ఆవిడ దగ్గర చిల్లర నాణెం అడిగి తీసుకుని దానితో మర తిప్పి ఫిల్టర్ ఊడదీశాడు. షాంపూ పొట్లం తెప్పించి, గంధం వదిలేదాకా కడిగి, పిట్టగోడ మీద ఎండకు పెట్టాడు. అది ఆరేదాకా ముగ్గురం గోడ నీడన కూర్చుని బొరుగులు తిన్నాం. ఫోన్ లో నేనన్న మాటలు ఆయన ఎత్తలేదు. నేనే క్షమించమంటే, "బండి మీది కోపం మనిషి మీద చూపిస్తే రెండూ బాగుపడవు. ఇంద, పుట్నాలు తిను," అన్నాడు. ఆరోజు మేం తిన్న బొరుగుల రుచి ఇంకా నా నోట్లో ఉంది. ఫిల్టర్ ఆరాక బండి మా ఇద్దరినీ ఎక్కించుకుని ఆ మలుపు ఎక్కేసింది. మా ఆవిడ నా భుజం మీద గట్టిగా చెయ్యి వేసింది. ఆ తరవాత ఏ కృత్తికకూ ఆవిడ నడవాల్సిన పని రాలేదు. ఆ రుణం నేను తీర్చుకోగలిగేది కాదు.

పోయిన ఏడాది మామ షుగరు ముదిరి చిక్కిపోయాడు. అప్పుడు కూడా కొండ పరీక్ష మానలేదు. "నా తూకం తగ్గిపోయింది, ఇది దొంగ టెస్టు అవుతుంది," అని ఒళ్ళో ఒక బియ్యం మూట పెట్టుకుని బండ్ల వెనక కూర్చునేవాడు. దారిలో జనం చూసి నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

చివరి రెండు నెలలూ నేను షెడ్డు వైపు పోలేదు. కారణం చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కొత్త స్కూటర్ తీసుకుందామని, ఈ బండిని ఆఫీసులో ఒకాయనకు ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఆ సంగతి మామ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక, ఈ వారం కాదు వచ్చే వారమని తప్పించుకున్నాను. ఈలోపు ఆయనే వెళ్ళిపోయాడు.

పదహారో నాటి కారియానికి, అంటే పెద్దకర్మకు, నేనూ మా ఆవిడా ఆ బండి మీదే పోయాం. మామ భార్యను మేం అత్త అంటాం. వాకిట్లో నీడన కూర్చుని ఉన్న అత్త, బండి చూసి లేచి వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి పెట్టింది.

"అందురి వెనకాలా కూచోని ఆ చివరి మలుపు దాకా పొయ్యొచ్చినాడు. నన్ను ఒకనాడు గూడా బండెక్కించలేదు నాయనా," అంది. "కస్టమర్ బండి మీద ఇంటి మనిషిని కూచోబెడితే అది దొంగతనమంట. సొంతానికి ఒక బండి కట్టుకుంటా, అప్పుడు పోదామనేవాడు. ఎవురిదో ఒకరి బండి ముందు వచ్చేస్తా ఉండె."

"నేను తీసుకుపోతా అత్తా. ఇది నా బండి, నేను పిలుస్తున్నా."

"ఏడాది దాకా కొండెక్కకూడదు గదా." ట్యాంకు మీద చెయ్యి తియ్యకుండానే అడిగింది. "అంతదాకా ఉంటుందా ఈ బండి?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఉంటుందని చెప్పాను. చెప్పాక, ఆఫీసులో ఆయనకు ఏం చెప్పాలా అన్న ఆలోచన కూడా రాలేదు.

"యాడ పట్టుకోవాల?" అని అడిగింది అత్త.

బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, పట్టుకోవాల్సిన కమ్మీ చూపించాను. మా ఆవిడ మోచెయ్యి పట్టుకుంటే, అత్త మెల్లగా పక్కకు తిరిగి వెనక సీటు మీద కూర్చుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుంది. ఇంజను ఆగే ఉంది. అయినా కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా ఇళ్ళ మీదుగా కనిపించే కొండ వైపు చూస్తూ ఉంది.

లోపల భోజనాలకు ఆకులు వేశారు రమ్మని ఎవరో పిలిచారు. ఆమె దిగలేదు.